బతికే మొక్క, పండే మొక్క

మొక్కలు బెట్టను తట్టుకోవడం గురించి వచ్చే పరిశోధన పత్రాల్లో ఒక రకం ఫొటో తరచుగా కనిపిస్తుంది. రెండు తొట్లు పక్కపక్కన ఉంటాయి. రెండింటికీ రెండు వారాలపాటు నీళ్లు ఆపేసి, ఆ తర్వాత మళ్లీ పోసి ఉంటారు. ఒక తొట్టిలో మొక్కలు ఎండిపోయి తలలు వాల్చేస్తే, రెండో తొట్టిలో పచ్చగా నిలబడి ఉంటాయి. ఫలానా జన్యువు పనిని పెంచడం వల్లే ఇవి బతికాయని కింద ఒక వాక్యం ఉంటుంది. గత పాతికేళ్లలో ఇలాంటి ఫొటోలు లెక్కలేనన్ని అచ్చయ్యాయి. ఆ జన్యువుల్లో ప్రయోగశాల దాటి, విత్తనం రూపంలో రైతు చేతికి అందినవి మాత్రం చాలా తక్కువ.

దీనికి అనుమతుల చిక్కులు, ఖర్చు, కంపెనీల వ్యాపార లెక్కలు కొంతవరకు కారణమే. కానీ పెద్ద కారణం ఆ ఫొటోలోనే ఉంది. మొక్క బతికిందా లేదా అన్నదే అది చూపిస్తుంది. పంట వేసినవాడికి కావలసింది ఎంత పండిందన్న లెక్క. ఈ రెండూ ఒకటేనని చాలాకాలం అందరూ అనుకున్నారు. నిజానికి బతకడానికి పనికొచ్చే లక్షణమే చాలాసార్లు దిగుబడికి అడ్డుపడుతుంది.

2011లో బెల్జియంలోని ఘెంట్‌లో డిర్క్ ఇంజె బృందం ఈ సంగతిని నేరుగా పరీక్షించింది. ప్రయోగాలకు వాడింది అరబిడాప్సిస్. ఆవాల కుటుంబానికి చెందిన ఈ చిన్న కలుపు మొక్క ఆరు వారాల్లోనే మొలకెత్తి, పూసి, విత్తనాలిస్తుంది. పూర్తి జన్యుక్రమం చదివిన మొట్టమొదటి మొక్క కూడా ఇదే, 2000లో. బెట్టను బాగా తట్టుకుంటాయని అంతకుముందే పేరు తెచ్చుకున్న అరబిడాప్సిస్ రకాలను ఈ బృందం సేకరించింది. నీళ్లు పూర్తిగా ఆపేస్తే వాటిలో చాలావరకు పేరుకు తగ్గట్టే ఎక్కువగా బతికాయి. తర్వాత నీళ్లు పూర్తిగా ఆపకుండా, మట్టిలో తేమ కాస్త తక్కువ స్థాయిలో నిలకడగా ఉండేలా చూసుకుంటూ పెంచారు. ఈసారి వాటి ఎదుగుదల మామూలు మొక్కలకంటే మెరుగ్గా ఏమీ లేదు. పంట పొలాల్లో తరచుగా ఎదురయ్యేది ఈ రెండో రకం బెట్టే. పైరు మొత్తం చచ్చిపోయేంత కరువు వస్తే ఏ రకమైనా రైతుకు మిగిలేది పెద్దగా ఉండదు.

తొట్టి ప్రయోగంలో ఇంకో తిరకాసు ఉంది. ఒక జన్యువును మార్చడం వల్ల మొక్క కాస్త చిన్నదైందనుకుందాం. ఆకులు చిన్నవి కాబట్టి నీళ్లు తక్కువ తాగుతుంది, దాని తొట్టిలో తేమ ఎక్కువ రోజులు ఉంటుంది. పక్క తొట్టిలోని పెద్ద మొక్క పదో రోజుకే మట్టిని ఎండగొట్టేస్తే, చిన్న మొక్కకు పన్నెండో రోజు వరకు అసలు బెట్టే తగలదు. పద్నాలుగో రోజున ఫొటో తీస్తే అది పచ్చగా కనిపించడంలో వింతేముంది? తట్టుకోవడం అనే మాట అక్కడ సరిపోదు. ఇప్పుడు మంచి ప్రయోగశాలలు ప్రతి తొట్టినీ తూకం మీద పెట్టి, తగ్గిన బరువును బట్టి రోజూ నీళ్లు పోస్తున్నాయి. అన్ని మొక్కలకూ మట్టిలో ఒకే తేమ ఉంచి పోల్చడం మొదలయ్యాక, పాత ఫలితాల్లో కొన్ని నిలబడలేదు.

అసలు ఈ పరిశోధనకు ఇంత ప్రాధాన్యం ఎందుకో చెప్పే లెక్క ఒకటి 1982లో వచ్చింది. జాన్ బోయర్ అనే వృక్ష శాస్త్రవేత్త అమెరికాలోని ఎనిమిది ప్రధాన పంటలకు అప్పటిదాకా నమోదైన రికార్డు దిగుబడినీ, సగటు దిగుబడినీ పక్కపక్కన పెట్టి చూశారు. సగటు దిగుబడి రికార్డులో ఐదో వంతు దరిదాపుల్లోనే ఉంది. తెగుళ్లు, పురుగులు, కలుపు వల్ల పోయింది ఆ నష్టంలో చిన్న భాగమే. మిగిలినదంతా నీరు, వేడి, చలి, ఉప్పు, నేల లోపాల ఖాతాలోకే వెళ్లింది. పంటకు పెద్ద శత్రువు పురుగేనని అనుకునేవాళ్లకు ఈ లెక్క ఇప్పటికీ కాస్త షాకే.

మూసుకోవడం వెనక ఉన్న యంత్రాంగం

మొక్క పరిస్థితి మొదటినుంచీ ఇరకాటమే. ఆహారం తయారు చేసుకోవాలంటే కార్బన్ డయాక్సైడ్ కావాలి, అది గాలిలో ఉండేది 0.04 శాతం మాత్రమే. దాన్ని లోపలికి తీసుకోవడానికి ఆకు మీది పత్రరంధ్రాలు తెరవాలి. తెరిచిన క్షణం నుంచి ఆకు లోపలి తేమ బయటకు పోతూనే ఉంటుంది. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు కోసం వందల నీటి అణువులు వదులుకోవాలి. వేర్లు పీల్చుకున్న నీటిలో 95 శాతానికి పైగా ఇలా ఆవిరైపోయేదే. కాబట్టి బెట్ట తగలగానే మొక్క చేసే మొదటి పని రంధ్రాలు మూసుకోవడం. నీరు మిగులుతుంది, దాంతోపాటు తిండి తయారీ కూడా తగ్గిపోతుంది.

ఈ మూతకు ఆజ్ఞ ఇచ్చేది అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్. పరిశోధకులు పొట్టిగా ఏబీఏ అంటారు. 1960ల్లో దీన్ని రెండు బృందాలు వేర్వేరు దారుల్లో పట్టుకున్నాయి. కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ ఆడికాట్ బృందం పత్తి కాయలు ఎందుకు రాలతాయో వెతుకుతుంటే, బ్రిటన్‌లో ఫిలిప్ వేరింగ్ బృందం చెట్ల మొగ్గలు ఎందుకు నిద్రపోతాయో వెతుకుతోంది. ఇద్దరి చేతికీ చిక్కింది ఒకే పదార్థం. అది రంధ్రాలను మూయిస్తుందని త్వరలోనే తేలింది. ఎలా మూయిస్తుందో తెలియడానికి మాత్రం మరో 40 ఏళ్లు పట్టింది.

హార్మోన్ పని చేయాలంటే దాన్ని అందుకునే గ్రాహకం ఒకటి కణంలో ఉండాలి. మొక్కల హార్మోన్లలో చాలావాటికి గ్రాహకాలు దొరికిపోయాయి, ఏబీఏది మాత్రం దొరకలేదు. 1984లో నెదర్లాండ్స్‌లో మార్టెన్ కోర్నీఫ్ బృందం ఏబీఏకు స్పందించని అరబిడాప్సిస్ మొక్కలను వేరుచేసింది. 1994లో ఆ మొక్కల్లో మారిన జన్యువుల్లో ఒకటి ఏమిటో తెలిసింది, అది గ్రాహకం కాదు, సంకేతాన్ని అణచిపెట్టే ఒక ఎంజైము. ఆ తర్వాత గ్రాహకం దొరికిందంటూ పెద్ద జర్నల్స్‌లో పత్రాలు వచ్చాయి. 2006లో వచ్చినదాన్ని 2008లో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2007లో వచ్చిన ఇంకో ప్రకటనను మిగతా ప్రయోగశాలలు తమ దగ్గర చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. చివరికి ఏబీఏ గ్రాహకం అంటేనే అనుమానంగా చూసే వాతావరణం ఏర్పడింది.

ఎందుకు దొరకలేదో ఇప్పుడు చూస్తే చాలా సూటిగా ఉంది. ఒక జన్యువును చెడగొట్టి, మొక్కలో ఏ లోపం కనిపిస్తుందో చూడటం జన్యుశాస్త్రంలో మామూలు పద్ధతి. అరబిడాప్సిస్‌లో ఈ గ్రాహకం ఒక్కటి కాదు, 14 ఉన్నాయి. ఒకటి పాడైతే మిగతావి దాని పని చేసేస్తాయి, మొక్కలో తేడా కనిపించదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో షాన్ కట్లర్ వేరే దారి పట్టారు. ఏబీఏలా విత్తనాల మొలకను ఆపే కృత్రిమ రసాయనాల కోసం వెతికి, పైరబాక్టిన్ అనే దాన్ని ఎంచుకున్నారు. అది 14 గ్రాహకాల్లో కొన్నింటినే పట్టుకుంటుంది, విత్తనంలో ముఖ్యంగా ఒకదాన్ని. అందువల్ల ఆ ఒక్క జన్యువు పాడైనా తేడా బయటపడింది. 2009లో ఈ ఫలితమూ, జర్మనీలో ఎర్విన్ గ్రిల్ బృందం ఇంకో దారిలో సాధించిన అదే ఫలితమూ ఒకేసారి అచ్చయ్యాయి. పాత అనుభవాల వల్ల శాస్త్రలోకం వెంటనే నమ్మలేదు. అదే ఏడాది చివరికల్లా పలు బృందాలు ఆ ప్రోటీన్ల త్రిమితీయ ఆకారాలను గీసి చూపించడంతో అనుమానం తీరిపోయింది.

దాంతో మొత్తం గొలుసు అర్థమైంది. మామూలు రోజుల్లో పీపీ2సీ అనే ఎంజైములు ఎస్ఎన్ఆర్‌కే2 అనే మరో జట్టు ఎంజైములను పని చేయనివ్వకుండా అణిచి ఉంచుతాయి. ఏబీఏ వచ్చి గ్రాహకంలో ఇమిడితే గ్రాహకం ఆకారం మారి, అది పీపీ2సీని కట్టిపడేస్తుంది. అణిచేది లేకపోయేసరికి రెండో జట్టు మేలుకుంటుంది. అది పత్రరంధ్రాల అంచున ఉన్న రక్షక కణాల్లో అయాన్ల దారులు తెరిపిస్తుంది. అయాన్లు బయటకు పోతాయి, వాటి వెంట నీరు పోతుంది, బిగువు తగ్గిన కణాలు ముడుచుకుని రంధ్రం మూసుకుంటుంది. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది.

ఎదుగుదల ఆగిపోవడం నీరు లేకపోవడం వల్ల తప్పనిసరై జరిగే పని అని మొదట్లో అనుకునేవారు. 2018లో వచ్చిన ఒక పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. కణంలో ఎదుగుదలను నడిపే టార్ అనే యంత్రాంగం ఉంది. అంతా బాగున్నప్పుడు అది ఏబీఏ గ్రాహకాల మీద ఒక రసాయన గుర్తు తగిలించి వాటిని నిద్రపుచ్చుతుంది. బెట్ట వచ్చినప్పుడు ఎస్ఎన్ఆర్‌కే2 ఎంజైములు తిరిగి టార్‌ను ఆపేస్తాయి. అంటే ఎదగడం, తట్టుకోవడం ఒకదాన్నొకటి అణచుకునేలా అమర్చి ఉన్నాయి. ఆగిపోవడం మొక్క తీసుకునే నిర్ణయమే. అడవిలో పెరిగే మొక్కకు ఇది మంచి నిర్ణయం. ఈ ఏడాది రెండు విత్తనాలిచ్చినా దాని వంశం నిలబడుతుంది. పంట మొక్క అలా సరిపెట్టుకుంటే కుదరదు. పది రోజుల్లో వాన పడుతుందని తెలిస్తే మొక్క ఆగకుండా కొంచెం రిస్కు తీసుకోవడమే దిగుబడికి మేలు, కానీ వాన సంగతి మొక్కకు తెలియదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 2023లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాక్ హదానీ బృందం నీళ్లు లేని టమాటా, పొగాకు మొక్కలు మనిషి చెవికి అందని పౌనఃపున్యంలో టక్‌టక్‌మనే శబ్దాలు చేస్తాయని నమోదు చేసింది. గంటకు కొన్ని పదుల సార్లు. వార్తల్లో అది "మొక్కల కేకలు"గా మారిపోయింది. నీటిని మోసే గొట్టాల్లో గాలి బుడగలు ఏర్పడి పగలడమే ఆ శబ్దాలకు మూలమని ఎక్కువమంది భావిస్తున్నారు. అలాంటప్పుడు అది ఏడుపు అనడం అతిశయోక్తే. తోటలో మైక్రోఫోన్ పెట్టి ఏ మొక్కకు నీరు కావాలో కనిపెట్టొచ్చన్నది మాత్రం పనికొచ్చే ఆలోచన.

ఎంత, ఎప్పుడు, ఎక్కడ

తట్టుకునే శక్తిని పెంచితే ఏమవుతుందో 1990ల చివర్లోనే తెలిసింది. చలి, బెట్ట, ఉప్పు మూడింటికీ స్పందించే జన్యువుల జాబితాను ఒక్కదెబ్బతో పని చేయించే నియంత్రకాలు ఉంటాయి. అమెరికాలో మైకేల్ థొమాషో బృందం వాటికి సీబీఎఫ్ అని, జపాన్‌లో కజుకో యమగుచి-షినొజాకి, కజువో షినొజాకి బృందం డ్రెబ్ అని పేర్లు పెట్టాయి. జపాన్ బృందం డ్రెబ్ జన్యువును మొక్కలో ఎల్లవేళలా పనిచేసేలా పెట్టింది. మొక్కలు గట్టిపడ్డాయి, కానీ మరుగుజ్జులయ్యాయి. 1999లో అదే జన్యువుకు ఒత్తిడి వచ్చినప్పుడే పనిచేసే స్విచ్ తగిలించారు. ఎదుగుదల నష్టం చాలావరకు తగ్గిపోయింది, తట్టుకునే శక్తి ఇంకా మెరుగైంది. జన్యువు మారలేదు, అది పని చేసే సమయం మారింది. ఈ రంగంలో తర్వాత వచ్చిన మంచి ఫలితాలను ఈ ఒక్క ప్రయోగం వెలుగులో చదవొచ్చు.

సమయం చేతుల్లోకి తెచ్చుకోవాలన్న ఆలోచన కట్లర్ బృందాన్ని ఇంకాస్త ముందుకు నడిపింది. 2015లో వాళ్లు ఏబీఏ గ్రాహకం ఆకారాన్ని మార్చి, మాండిప్రొపమిడ్ అనే మందుకు స్పందించేలా చేశారు. అది పంటల మీద బూజు తెగులుకు ముందునుంచే వాడుతున్న మందు. మార్చిన మొక్కల మీద దాన్ని చల్లితే రంధ్రాలు మూసుకుంటాయి. ఎప్పుడు ఆగాలో మొక్క కాకుండా మనిషి నిర్ణయించడం అన్నమాట. ఆలోచన అందంగా ఉంది. వాన ఎప్పుడొస్తుందో మనిషికి మాత్రం ఎంత బాగా తెలుసన్నది వేరే ప్రశ్న.

పని చేసే చోటు ఎంత ముఖ్యమో ఉప్పు నేలల పరిశోధన చూపించింది. ఉప్పులోని సోడియం ఆకుల్లోకి చేరితేనే ఎక్కువ హాని. వేరు నుంచి పైకి వెళ్లే నీటి గొట్టాల్లోంచి సోడియాన్ని వెనక్కి లాగే హెచ్‌కేటీ అనే ప్రోటీన్లు మొక్కల్లో ఉన్నాయి. మార్క్ టెస్టర్ బృందం 2009లో అరబిడాప్సిస్‌లో ఒక హెచ్‌కేటీ జన్యువును వేరు లోపలి, నీటి గొట్టాల చుట్టూ ఉండే కణాల్లో మాత్రమే ఎక్కువగా పని చేయించింది. ఆకుల్లో సోడియం బాగా తగ్గింది. అదే జన్యువును మొక్క అంతటా పెంచితే ఉప్పుకు మొక్క ఇంకా తేలిగ్గా లొంగిపోయింది. బయటి కణాల్లో అదే ప్రోటీన్ సోడియాన్ని లోపలికి రానిస్తుంది మరి.

ఇది పొలంలోనూ రుజువైంది. ఆస్ట్రేలియాలో రాణా మన్స్ బృందం చాలా ప్రాచీనమైన ఐన్‌కార్న్ గోధుమ నుంచి ఇలాంటి జన్యువునే డ్యూరం గోధుమలోకి మామూలు సంకరణంతో తెచ్చింది. డ్యూరం ఉప్పుకు బాగా లొంగిపోయే గోధుమ. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం, ఉప్పు ఎక్కువగా ఉన్న పొలంలో ఆ జన్యువు ఉన్న వరుసల దిగుబడి లేనివాటికంటే 25 శాతం వరకు పెరిగింది. ఉప్పు లేని నేలలో నష్టమేమీ రాలేదు. ఒత్తిడి మీద పరిశోధన చేసేవాళ్లు చివరి వాక్యాన్నే ముందు చదువుతారు. మంచి ఏడాదిలో దిగుబడి తగ్గించే రకాన్ని ఎవరూ వేయరు.

వరి విషయంలో ఇదే తర్కం నీళ్లు ఎక్కువైనప్పుడు కనిపిస్తుంది, పైగా నాటకీయంగా. పైరు మొత్తం మునిగితే మామూలు వరి పైకి సాగి ఊపిరి పీల్చుకోవాలని చూస్తుంది. ఆ ప్రయత్నంలో దాచుకున్న పిండిపదార్థం అయిపోయి, వారం పది రోజుల్లో కుళ్లిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఏ అనే పాత వరి రకం మాత్రం మునిగాక సాగడం ఆపేసి, నిల్వలు పట్టుకుని కదలకుండా ఉంటుంది. నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. దీనికి కారణమైన జన్యువును డేవిడ్ మాకిల్, పమేలా రోనల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ తదితరులు 2006లో ప్రకటించారు. దాని పేరు సబ్1ఏ. మునిగినప్పుడు మొక్కలో పేరుకునే ఇథిలీన్ వాయువు దీన్ని మేలుకొలుపుతుంది, అది సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోన్ మాట మొక్క వినకుండా చేస్తుంది. స్వర్ణ వరిలోకి జన్యు గుర్తుల సాయంతో దీన్ని తెచ్చి స్వర్ణ-సబ్1 తయారు చేశారు. భారత్‌లో అది 2009లో విడుదలైంది. రెండు వారాల ముంపును తట్టుకునే ఈ రకం, ముంపు రాని ఏడాది అచ్చం స్వర్ణలాగే పండుతుంది, ఎందుకంటే ముంపు లేనంతకాలం ఆ జన్యువు పెద్దగా పని చేయదు.

2009లోనే జపాన్‌లో మొతొయుకి అషికారి బృందం దీనికి పూర్తిగా ఎదురు వ్యూహాన్ని బయటపెట్టింది. నెలల తరబడి నీరు నిలిచే లోతట్టు ప్రాంతాల వరిలో స్నోర్కెల్1, స్నోర్కెల్2 అనే జన్యువులు ఉన్నాయి. ఇవీ ఇథిలీన్‌కే మేలుకుంటాయి, కానీ కాండాన్ని సాగదీస్తాయి. అనుకూలిస్తే రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా. వింత ఏమిటంటే సబ్1ఏ, స్నోర్కెల్ రెండూ ఒకే జన్యు కుటుంబం. సంకేతం ఒకటే, బంధువులు ఒకరే, ఆజ్ఞలు మాత్రం ఒకటి ఆగమని, ఇంకోటి పరిగెత్తమని. వారంలో తీసే వరదలో సాగేవి చస్తాయి, నెలలు నిలిచే నీటిలో ఆగేవి చస్తాయి. వరదను తట్టుకునే వరి అన్న మాటకు, ఎలాంటి వరద అని అడగకుండా అర్థం లేదు. 2018లో అదే బృందం ఇంకో ఆసక్తికరమైన సంగతి చెప్పింది. లోతు నీటి వరి సాగడానికి ఎస్‌డీ1 అనే జన్యువు కూడా తోడ్పడుతుంది. దాని పాడైన రూపమే 1966లో వచ్చిన ఐఆర్8 వంటి పొట్టి వరి రకాలకు ఆ పొట్టితనాన్ని ఇచ్చింది.

నీటిని దాచుకోవడమా, వెతుక్కోవడమా

బెట్ట విషయంలో దిగుబడికి నిజంగా పనికొచ్చిన కొన్ని విజయాలు జన్యుమార్పిడి నుంచి కాక, నీటి లెక్కల నుంచి వచ్చాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ పాసియోరా 1977లో దిగుబడిని మూడు భాగాలుగా విడగొట్టారు. పంట తీసుకున్న నీరు ఎంత, ఆ నీటితో ఎంత పదార్థం తయారైంది, అందులో గింజకు వెళ్లింది ఎంత. బతకడం అన్న మాటే ఈ లెక్కలో లేదు. ఏ లక్షణమైనా ఈ మూడింటిలో ఒకదాన్ని పెంచి, మిగతా రెండింటినీ అంతకంటే ఎక్కువ తగ్గించకూడదు.

ఆస్ట్రేలియాలోనే గ్రాహం ఫార్కర్, రిచర్డ్ రిచర్డ్స్ ఇందులో రెండో భాగానికి ఒక తెలివైన కొలత కనిపెట్టారు. గాలిలోని కార్బన్‌లో ఒక శాతం కంటే కాస్త ఎక్కువ భాగం కార్బన్-13, అంటే బరువైన రకం కార్బన్. కిరణజన్య సంయోగక్రియ తేలికైన కార్బన్‌నే ఎక్కువగా ఎంచుకుంటుంది. రంధ్రాలు కొద్దిగానే తెరిచి ఉంటే లోపలికి వచ్చిందే మహాభాగ్యం కాబట్టి ఆ ఎంపిక తగ్గుతుంది. అందువల్ల ఎండబెట్టిన ఆకులో రెండు రకాల కార్బన్ నిష్పత్తి చూస్తే, ఆ మొక్క జీవితమంతా నీటిని ఎంత పొదుపుగా వాడిందో తెలిసిపోతుంది. ఈ పద్ధతిలో ఎంపిక చేసిన డ్రైస్‌డేల్ గోధుమ 2002లో ఆస్ట్రేలియాలో విడుదలైంది. వాన ముందే పడిపోయి, నేలలో మిగిలిన తేమతోనే పంట పూర్తి చేయాల్సిన చోట్ల దాని లాభం స్పష్టంగా కనిపించింది. వాన బాగా ఉన్న చోట ఆ పొదుపు అక్కరకు రాలేదు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అబ్రహాం బ్లమ్ 2009లో ఇదే అభ్యంతరం గట్టిగా లేవనెత్తారు. పొదుపు కోసం ఎంపిక చేస్తే చాలాసార్లు తక్కువ నీరు తీసుకునే, తక్కువ ఎదిగే మొక్కలే వస్తాయని, అందుబాటులో ఉన్న నీటిని పూర్తిగా అందుకోవడమే లక్ష్యం కావాలని ఆయన వాదన. రెండు వైపుల మాటా నిజమే. వాళ్ల మనసులో ఉన్న నేలలు వేరు.

బ్లమ్ చెప్పిన దారికి మంచి ఉదాహరణ జపాన్‌లో యూసకు ఉగా బృందం 2013లో చూపిన డ్రో1 జన్యువు. ఇది వరి వేర్లు పక్కలకు పరుచుకోకుండా నిటారుగా కిందికి దిగేలా చేస్తుంది. వేర్లు పైపైనే ఉండే ఐఆర్64 వరిలోకి దీన్ని సంకరణంతో తెస్తే బెట్టలో గింజ దిగుబడి నిలబడింది. వేరు బరువు పెంచాల్సిన పని లేదు, కోణం మారితే చాలు. అయితే కింద తేమే లేని పలచటి నేలలో దీనివల్ల ఒరిగేది ఉండదు.

జన్యుమార్పిడితో మార్కెట్‌లోకి వచ్చినవి లేకపోలేదు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా నుంచి తీసిన జన్యువు ఉన్న మొక్కజొన్నను అమెరికాలో 2013లో సాగులోకి తెచ్చారు. పొద్దుతిరుగుడు జన్యువు పెట్టిన హెచ్‌బీ4 గోధుమకు అర్జెంటీనా 2020లో అనుమతి ఇచ్చింది. తొట్టి ఫొటోలు ఆశ పెట్టినంత తేడా పొలంలో ఎవరూ ఆశించడం లేదు, ఆశించకూడదు కూడా.

వేడి కథ ఇంకో రకం, అక్కడ గంటల లెక్క. వరి పూత విప్పుకునే సమయంలో పూల ఉష్ణోగ్రత 33.7 డిగ్రీలో అంతకు మించో ఉంటే, గంట కంటే తక్కువ సేపైనా సరే, గింజ కట్టకుండా పోయే పూలు పెరుగుతాయని కృష్ణ జగదీశ్ తదితరులు 2007లో చూపించారు. మొక్క మాత్రం నిక్షేపంగా ఉంటుంది, పచ్చగా ఉంటుంది, కంకిలో తాలు గింజలు ఉంటాయి. దీనికి ఒక పరిష్కారం అడవి వరి నుంచి వచ్చింది. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి రకం నుంచి తెచ్చిన ఒక జన్యు భాగం ఐఆర్64 పూలను గంటన్నర, రెండు గంటలు ముందే విప్పుకునేలా చేసింది. వేడిని తట్టుకునే శక్తి ఏమీ పెరగలేదు. ఎండ ముదిరేలోపు ఫలదీకరణ అయిపోతుంది, అంతే.

పొలంలో ఏ ఒత్తిడీ ఒంటరిగా రాదు. బెట్ట వచ్చే రోజులే వడగాడ్పుల రోజులు. వేడెక్కిన ఆకు చల్లబడాలంటే రంధ్రాలు తెరిచి నీటిని ఆవిరి చేయాలి, బెట్టను గట్టెక్కాలంటే మూయాలి. రాన్ మిట్లర్ బృందం 2000ల మొదట్లోనే పొగాకు, అరబిడాప్సిస్ మొక్కలకు రెండూ కలిపి ఇచ్చి చూసింది. మొక్క స్పందన రెంటి మొత్తంలా లేదు. విడిగా ఏ ఒక్కదానికీ మేలుకోని జన్యువులు కలిసి వచ్చినప్పుడు మేలుకున్నాయి. బెట్టలో మొక్క పోగు చేసుకునే ప్రోలిన్ అనే రక్షక పదార్థం, వేడి తోడైతే పోగుపడలేదు, దాని బదులు చక్కెర పోగుపడింది. అంటే బెట్టను ఒక చోట, వేడిని ఇంకో చోట పరీక్షించి ఎంపిక చేసిన రెండు మంచి జన్యువులను కలిపితే మంచి మొక్క వస్తుందన్న భరోసా లేదు.

అదే బృందం ఈమధ్య సోయాబీన్‌లో చూసిన విషయం ఇంకా విచిత్రం. వేడి, బెట్ట కలిసి వచ్చినప్పుడు ఆకుల రంధ్రాలు మూసుకున్నా, పూల రంధ్రాలు తెరిచే ఉన్నాయి. ఆకులు వేడెక్కుతుంటే పూలు నీరు ఆవిరి చేసుకుంటూ చల్లగా ఉన్నాయి. మొక్క ఉన్న కాస్త నీటిని విత్తనం వైపు మళ్లిస్తోందన్నమాట. ఆకునే కొలుస్తూ వచ్చిన దశాబ్దాల పరిశోధనకు ఇది కనిపించలేదు. 2021లో వాళ్లే అరబిడాప్సిస్‌కు వేడి, ఉప్పు, ఎక్కువ వెలుతురు, ఆమ్లత్వం, కాడ్మియం, కలుపు మందు వంటివాటిని ఒక్కొక్కటి కొద్ది మోతాదులో కలుపుతూ పోయారు. విడిగా ఏదీ పెద్దగా హాని చేయలేదు. సంఖ్య పెరిగేకొద్దీ మాత్రం ఎదుగుదల, బతుకు రెండూ బాగా పడిపోయాయి. కొత్త రకాలను ఒక్కో ఒత్తిడితో విడివిడిగా వడపోసే పరీక్షా క్షేత్రాల్లో ఈ నష్టం లెక్కకు రాదు.